నేలపట్టు బయల్దేరే ముందు

నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడబాతులను (పెలికాన్లను) చూడాలంటే అక్టోబరు, మార్చి నెలల మధ్యే వెళ్లండి. తిరుపతి నుంచైతే నాయుడుపేట మీదుగా, చీకటితోనే బయల్దేరాలి. ఎండ ముదిరితే చూసేవాళ్లకూ ఓపిక ఉండదు.

మట్టిరంగు బట్టలు వేసుకోండి. పెళ్లికి కట్టే ఎర్రచీర ఇక్కడ వద్దు.

అసలు జాగ్రత్త గూళ్ల దగ్గరే. చెరువు నీళ్లలో నిలబడిన చెట్ల మీద కొమ్మకో గూడు ఉంటుంది. ఈల వేసినా, డ్రోన్ ఎగరేసినా తల్లి పక్షి ఎగిరిపోతుంది. ఆ కాస్త సేపట్లో గుడ్డు కాకి పాలు. పిల్లలకు ఈ మాట కారులోనే చెప్పండి. సెల్‌ఫోన్‌తో దగ్గరికి పోవాలనిపిస్తుంది, పోవద్దు. బైనాక్యులర్స్ అడిగి తెచ్చుకోండి, వాచ్ టవర్ ఎక్కి చూడండి.

టోపీ తప్పనిసరి. ఎండకే కాదు, పైనుంచి రెట్ట కూడా పడుతుంది!

నీళ్ల సీసా, చిప్స్ కవర్లు తిరిగి మీ సంచిలోకే. కుక్కపిల్లను ఇంట్లోనే వదిలేయండి.