మగ్గం పని – 6వ పాఠం: సగంలో దించిన జాకెట్టు

పోయిన పాఠం చివర్లో "అర్జెంటు జాకెట్టొస్తే మగ్గం మీదున్నది దించి కొత్తది ఎక్కించుకోండి" అని ఒక్క ముక్కలో చెప్పేసినాను. మీరూ దించినారు. దించినాక ఏమైందో వారం రోజులుగా వింటానే ఉన్నా. ఒకామె "అక్కా, కింద వేలాడతా ఉండే దారం కత్తిరిద్దామని లాగినానంతే, నెమలి మెడంతా ఊడొచ్చింది" అనింది. ఇంకొకామెకు మళ్లీ బిగించేసరికి గుండ్రటి మెడ కోడిగుడ్డయి కూర్చుంది. మూడో ఆమె చెప్పిన దానికి నాకు కోపమే వచ్చింది, అది తర్వాత చెప్తా. ఈసారి చెప్పాల్సిన కుందన్లు వచ్చే పాఠానికి పోయినాయి.

ముందు నెమలి. ఆరి సూదితో, అంటే కొసన కొక్కెం ఉండే సూదితో, వేసేది గొలుసు కుట్టు. ప్రతి ఉంగరాన్నీ దాని తర్వాతి ఉంగరం పట్టుకొని ఉంటుంది. చివరిదాన్ని పట్టుకునేది ఏదీ లేదు. ఆ కొస లాగితే వరసంతా వెనక్కి జారిపోతుంది, పూసలు ఎక్కించి ఉంటే అవీ మంచం కిందికి పోతాయి. లాగితేనే బయటపడే తప్పు ఇది, అందుకే మగ్గం మీద ఉన్నన్నాళ్లూ తెలియలేదు.

ఆపేచోట చివరి రెండు మూడు కుట్లు బియ్యపుగింజలో సగమంత వేయండి. చివరి ఉంగరం లోపల సూది దించి, కింద దారాన్ని రెండంగుళాలు వదిలి కత్తిరించి, ఆ కొసను పూర్తిగా పైకి లాగేయండి. దాన్ని మామూలు చేతిసూదికి ఎక్కించి, ఉంగరానికి బయట, ఆనించి కిందికి దించండి. ఉంగరం మీద గడియ పడినట్టే. వెనకాల ఒక ముడి వేస్తే అయిపోయింది. ఆరి సూదితోనే ఇదంతా చేసేవాళ్లున్నారు, నాకు మాత్రం చేతిసూదే నమ్మకం.

ఇంకొకటి. ఆకు మధ్యలో లేవొద్దు. కుక్కరు కూసినా సరే, ఆకు కొస దాకా పోయి లేవండి. సగం ఆకును పదిరోజుల తర్వాత మొదలుపెడితే కుట్టు పొడుగు మారిపోయి, అతుకు పడినట్టు కనిపిస్తుంది.

కోడిగుడ్డు మెడకు కారణం, మళ్లీ బిగించేటప్పుడు గుడ్డ ఏటవాలుగా సాగడమే. దించకముందే, మగ్గం చట్రం మీద ఉండగానే, నిలువు పోగు వెంట ఒకటి, అడ్డపోగు వెంట ఒకటి తెల్ల నూలుదారంతో పొడుగు టాకాలు వేసుకోండి. మళ్లీ ఎక్కించినప్పుడు ఆ రెండూ కలిసేచోట గోడమూలలా సరిగ్గా నిలవాలి. చిల్లులు పొడిచిన డిజైను కాగితం మీద కూడా అవే గీతలు గీసి దాచుకోండి. కిరోసిన్ కలిపిన పొడితో వేసిన అచ్చు చేతులు తగిలితే చెరిగిపోతుంది, మళ్లీ వేయాల్సి వస్తుంది. బిగించడం ఎట్లాగో మూడో పాఠంలో ఉంది.

మడత మాత్రం పెట్టొద్దు. జర్దోసీ అంటే సన్నటి తీగ చుట్ట, మడతలో నలిగితే మళ్లీ లేవదు. బట్టలకొట్టులో అడిగితే అట్ట గొట్టం ఇస్తారు. దానికి పని ఉన్న వైపు పైకి ఉండేటట్టు చుట్టి, పాత నూలుచీర ముక్క కప్పండి.

ఇప్పుడు మూడో ఆమె సంగతి. "కుడిచేతికి పూసలు తక్కువైతే, చీర కొంగుకు కట్టే కుచ్చుల కోసం తెచ్చినవి వేసినానక్కా, రంగొకటే కదా" అనింది. ఒకటి కాదమ్మా! ట్యూబులైటు కింద ఒకటి. కల్యాణమండపంలో ఫోటోగ్రాఫరు లైటు పడితే ఎడమచెయ్యి బంగారం, కుడిచెయ్యి ఇత్తడి. కడప వై.వి. స్ట్రీట్‌లో అదే కొట్లో, అదే డబ్బాలోంచి ఇచ్చినా, నెల తర్వాత వచ్చిన సరుకు రంగు కాస్త తేడా ఉండొచ్చు. పట్టుదారమూ అంతే. ధర్మవరం చీర అంచుకు సరిపోయిన ఆకుపచ్చ రీలు ఇంకొకటి తెస్తే పాచి రంగులోకి తిరిగింది, ఇది నాకే జరిగింది. పైగా అప్పు తీసిన పూసలు ఎవరూ తిరిగి పెట్టరు. జాకెట్టుకు పూసలిచ్చిన కుచ్చులు ఆగిపోతాయి, కుచ్చులకు తోరణంలోంచి తీస్తారు, చివరికి మూడు పనులూ పది పూసల కోసం అటకెక్కుతాయి. రెండు చేతులూ ఒకే ప్యాకెట్టులోంచి, ఒకేసారి ఎక్కించి కుట్టండి. చాలకపోతే మోచేతి వైపు పూసలు తగ్గించుకోండి, పక్క సంచీలో చెయ్యి పెట్టొద్దు.

ఇందుకే ఏ పూస, ఏ దారం వాడినానో నేను పుస్తకంలో రాసుకోను. పనంతా అయినాక కత్తిరించి పారేసే గుడ్డ అంచు మీదే, వాడిన ప్రతి పూసా ఒకటి, ప్రతి దారంతో నాలుగు కుట్లు కుట్టేస్తాను. రెండు పోగులా మూడా అన్నది కూడా అక్కడే తెలిసిపోతుంది. పుస్తకం పోతుంది గానీ అంచు పోదు.

ఎన్ని పనులు పెట్టుకోవాలని అడిగినారు. నా లెక్క మూడు. మగ్గం మీద ఒకటి, గొట్టానికి చుట్టింది ఒకటి, కరెంటు పోయినా గడపలో కూర్చొని చేసుకునే కుచ్చులు ఒకటి. నాలుగోది ఒప్పుకుంటే శ్రావణంలో మాట పడతారు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, పాత బాకీలన్నీ అప్పుడే తీర్చుకోండి.

అభ్యాసం: గుడ్డ మీద గాజు పెట్టి గుండ్రంగా గీసి, సరిగ్గా సగం వరకు గొలుసు కుట్టు వేయండి. గడియ వేసి, టాకాలు పెట్టి, దించి చుట్టేయండి. రెండు రోజులు ముట్టుకోవద్దు. మూడో రోజు ఎక్కించి మిగతా సగం కుట్టి, దించి, కింద కొస గట్టిగా లాగి చూసి, అదే గాజు మళ్లీ పెట్టండి. గాజు అంచు వదిలి కుట్టు ఎక్కడ పక్కకు పోయినా కొత్త గుడ్డ తీసుకొని మొదటినుంచి.