చిన్న మ్యూజియాన్ని పద్ధతిగా నడపడం: ముందు రిజిస్టర్, తర్వాతే అద్దాల బీరువాలు

ఊరి ట్రస్టో, కళాశాల చరిత్ర శాఖో నాణేలు, తాళపత్రాలు, విగ్రహాలు సేకరించి మ్యూజియం తెరిచినప్పుడు చేతిలోని డబ్బు ముందుగా అద్దాల బీరువాలకూ దీపాలకూ ఖర్చవుతుంది. ఈ వరుస సరికాదు. ఏ వస్తువు ఎక్కడి నుంచి, ఎవరి ద్వారా, ఏ హక్కుతో వచ్చిందో చెప్పే రిజిస్టర్ మొదట తయారు కావాలి.

ఇందుకు దళసరి కాగితంతో కుట్టు బైండింగు చేయించి, పేజీలకు ముందే అంకెలు వేసిన పుస్తకం వాడాలి. విడి కాగితాల ఫైలులోంచి ఒక పుట మాయమైనా ఎవరికీ తెలియదు. ప్రతి వస్తువుకూ సంవత్సరం, విడత, వరుస అనే మూడు భాగాల సంఖ్య ఇవ్వాలి: 2025లో మూడో విడతగా వచ్చిన మూటలోని ఏడో నాణెం 2025.3.7 అవుతుంది. దాని ఎదురుగా పేరు, పదార్థం, కొలతలు, బరువు, దాత, వచ్చిన తేదీ, దొరికిన చోటు, ప్రస్తుత స్థితి, ఉంచిన బీరువా రాయాలి. స్థితి దగ్గర ‘బాగుంది’ అని రాస్తే ఏమీ రాయనట్టే. ‘కుడి చెవి పై అంచు విరిగింది, వీపున 4 సెం.మీ. పగులు’ అని రాస్తేనే రేపు ఆ పగులు పెరిగితే పట్టుకోగలం. తప్పు పడితే వైట్నర్ పూయకుండా ఒక్క గీతతో కొట్టివేసి, పక్కన తేదీ వేసి సంతకం చేయాలి. వస్తువు పోయినా దాని సంఖ్యను మరొకదానికి ఇవ్వరాదు.

సంఖ్యను వస్తువు మీద వేసేటప్పుడే చాలా నష్టం జరుగుతుంది. రాతికీ లోహానికీ కుండపెంకుకూ కనబడని చోట పారలాయిడ్ బి-72 అనే రెసిన్‌ను (ఆరాక పారదర్శకమైన పొరగా మారే జిగురు లాంటి పదార్థం) పలచగా పూసి, ఆరాక ఇంకుతో సంఖ్య రాసి, పైన మరో పూత వేస్తే, అవసరమైనప్పుడు అసిటోన్ అనే ద్రావకంతో తుడిచివేయవచ్చు. తాళపత్రాల కట్టకు పెన్సిల్‌తో రాసిన చీటీని నూలు దారంతో కట్టాలి. బట్టకు నూలు పట్టీ మీద రాసి రెండు వదులు కుట్లు వేయాలి. సెల్లోటేపు దేనికీ వద్దు. తాళపత్రాలు, బట్టలు, కాగితం మీది చిత్రాలపై పడే వెలుతురు సుమారు 50 లక్సులకు (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) మించకుండా చూడాలి.

చట్టం విషయంలో అశ్రద్ధ పనికిరాదు. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం కింద నూరేళ్లు దాటిన వస్తువులూ, 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులూ పురావస్తువులే. వాటిలో శిల్పాలు, చిత్రాలు వంటి, ప్రభుత్వం ప్రకటించిన వర్గాలవి ప్రైవేటు ట్రస్టు దగ్గర ఉంటే నమోదు అధికారి వద్ద నమోదు చేయించాలి. పొలం దున్నుతుండగా దొరికిన విగ్రహాన్ని రైతు తెచ్చి ఇస్తానంటే తీసుకోకుండా, ముందు రెవెన్యూ అధికారులకు తెలియజేయమనాలి. అంతర్జాతీయ మ్యూజియంల మండలి 1986లో ఆమోదించి, 2004లో సవరించిన నీతినియమావళి ప్రకారం చెల్లుబాటయ్యే హక్కు లేని వస్తువును మ్యూజియం సేకరించకూడదు. కాబట్టి దాత నోటి మాటతో సరిపెట్టుకోక దానపత్రం రాయించుకోవాలి. సిబ్బంది పురావస్తువుల వ్యాపారంలో పాలుపంచుకోరాదని కూడా ఆ నీతినియమావళిలో ఉంది. నిర్వాహకుడే నాణేలు కొని అమ్మే అలవాటున్న చోట అందరికంటే ముందు అతనికే మింగుడుపడనిది ఈ నియమమే.

సాయం దొరికే చోట్లు ఉన్నాయి. సంరక్షణలో శిక్షణకూ సలహాకూ లక్నోలోని జాతీయ సాంస్కృతిక సంపద సంరక్షణ పరిశోధనాలయాన్ని, మరమ్మతులకు వారసత్వ సంపదను కాపాడే సంస్థ అయిన ఇన్‌టాక్ సంరక్షణ కేంద్రాలను సంప్రదించవచ్చు. కేంద్ర సాంస్కృతిక శాఖకు మ్యూజియంల గ్రాంటు పథకం ఉంది. వస్తువుల పట్టిక సిద్ధంగా లేకుండా దానికి దరఖాస్తు పెట్టడం నా దృష్టిలో వృథా ప్రయాస. నిపుణుడు వచ్చేలోగా పంచలోహ విగ్రహాన్ని మెరిపించాలని చింతపండుతో తోమకూడదు: శతాబ్దాలుగా పేరుకున్న పైపొర పులుపుకు కరిగిపోతే మళ్లీ రాదు. మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులిపి, నాలుగు వైపులా ఫొటోలు తీసి, రిజిస్టర్ సంఖ్యతో పాటు పంపితే నిపుణులు ఏం చేయాలో చెప్పగలుగుతారు.