రాఫ్టింగ్‌కు వెళ్తున్నారా? ముందు ఎగువనున్న డ్యామ్ సంగతి కనుక్కోండి

వానాకాలంలో మూసేసిన రాఫ్టింగ్ సెప్టెంబరు రెండో సగం నుంచి రిషీకేశ్‌లో మళ్లీ మొదలవుతుంది. దసరా సెలవులకు మనవాళ్లు అక్కడికీ, కర్ణాటకలోని దండేలికీ, హిమాచల్‌లోని కులూకీ చాలామందే వెళ్తారు. టికెట్లు, హోటలు, వాతావరణం అన్నీ చూసుకుంటాం. ఆ నదికి ఎగువన ఏ డ్యామ్ ఉందో మాత్రం చూసుకోం. నన్నడిగితే అన్నిటికన్నా ముందు కనుక్కోవాల్సింది అదే.

జలవిద్యుత్ డ్యామ్ కింద నది వానను బట్టి కాదు, కరెంటు వాడకాన్ని బట్టి పారుతుంది. వాడకం పెరిగే వేళకు టర్బైన్లు తిప్పితే నీళ్లు వస్తాయి, ఆపితే తగ్గిపోతాయి. వాన వరదకు ముందు మబ్బో ఉరుమో కనిపిస్తుంది. ఇక్కడ ఎర్రటి ఎండలో కూడా మడమల్లోతు నీళ్లు కాసేపట్లో నడుముల్లోతుకు రావచ్చు.

చాలామందికి తెలియని ఇంకో సంగతి ఉంది. టర్బైన్లు ఆపితే నదిలోకి నీళ్లు రావనుకుంటాం. చిన్న జలాశయాలున్న ప్రాజెక్టుల్లో నది నీటిని సొరంగంలోకి మళ్లించి దిగువనున్న పవర్‌హౌస్‌కు పంపుతారు. ఉత్పత్తి తగ్గించినప్పుడు ఆ నీటిని నిలవ చేసే చోటు ఉండదు కాబట్టి గేట్లెత్తి నదిలోకే వదులుతారు. 2014 జూన్ 8 సాయంత్రం హిమాచల్‌లోని మండీ జిల్లా థలౌట్ దగ్గర, లార్జీ డ్యామ్ గేట్లెత్తినప్పుడు బియాస్ నది అలాగే ఒక్కసారిగా లేచింది. హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వెళ్లిన ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, వాళ్లతో ఉన్న టూర్ నిర్వాహకుడు ఒకరు కొట్టుకుపోయారు. వాళ్లు రాఫ్ట్ ఎక్కలేదు, రాళ్ల మీద నిలబడి ఫొటోలు దిగుతున్నారంతే. పిల్లల్ని టూర్‌కు పంపే ప్రతి ఇంట్లో ఈ సంగతి ఒకసారి కూర్చోబెట్టి చెప్పాలి.

అందుకే నది మధ్యలో ఉన్న రాళ్ల మీదికి, తిన్నెల మీదికి ఎవరు పిలిచినా వెళ్లకండి. ఒడ్డున రాళ్ల మీద తడి చార, బురద గీత ఎంత ఎత్తున ఉందో చూస్తే నీళ్లు మామూలుగా ఎక్కడిదాకా లేస్తాయో తెలుస్తుంది. మీ సామాను, మీరు ఆ గీతకు పైనే ఉండాలి. తేటగా ఉన్న నీళ్లు మట్టిరంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ తేలుతూ వచ్చినా, హోరు పెరిగినా, సైరన్ వినిపించినా వెంటనే లేవండి. ఒడ్డు వెంబడి పరిగెత్తకుండా గట్టు పైకి ఎక్కండి. చెప్పులూ ఫోనూ వదిలేయండి. సైరన్ మోగలేదు కదా అని ధైర్యపడొద్దు, నీటి హోరులో అది వినపడకపోవచ్చు.

బుక్ చేసేటప్పుడు రేటు తర్వాత అడగండి. ఈ రోజు నీళ్లు ఎన్నింటికి వదులుతారు, ఆ కబురు మీకు ఎవరు చెప్తారు, మధ్యలో నీళ్లు పెరిగితే ఎక్కడ ఒడ్డుకు చేరుస్తారు? జవాబు తడబడితే ఇంకొకరిని చూసుకోండి. రిషీకేశ్‌లో ఈ ప్రశ్న రెండు నదుల గురించి అడగాలి. దేవప్రయాగ దగ్గర కలిసే భాగీరథి మీద టెహ్రీ, కోటేశ్వర్ డ్యామ్‌లు, అలకనంద మీద శ్రీనగర్ ప్రాజెక్టు ఉన్నాయి. దండేలి, మహారాష్ట్రలోని కోలాడ్‌లలో కథ వేరు. గణేశ్‌గుడి దగ్గర కాళీ నదిలో రాఫ్ట్ కదలాలంటే సుపా డ్యామ్ నుంచి నీళ్లు రావాలి. కోలాడ్‌లో కుండలికా నది కూడా భీరా పవర్‌హౌస్ వదిలే నీటి మీదే ఆధారపడుతుంది.

లైఫ్ జాకెట్ భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే గడ్డం దాటి రాకూడదు. హెల్మెట్ బెల్టు బిగించుకోండి. నీళ్లలో పడితే వెల్లకిలా తేలుతూ కాళ్లు ముందుకు, దిగువ వైపుకు పెట్టండి. పారే నీటిలో లేచి నిలబడే ప్రయత్నం మాత్రం చేయొద్దు. పాదం రాళ్ల మధ్య ఇరుక్కుంటే మోకాలి లోతు నీళ్లే మనిషిని ముంచేస్తాయి. విసిరిన తాడును ఛాతీకి ఆనించి పట్టుకోండి, చేతికి చుట్టుకోకండి. నదికి అడ్డంగా ఉన్న చిన్న ఆనకట్టలు పైకి సాదాగా కనిపించినా, వాటి కింద తిరగబడే నీరు పడ్డవాళ్లను మళ్లీ మళ్లీ లోపలికి లాగుతుంది. గైడ్ ఎంత ధీమాగా ఉన్నా వాటి మీదుగా పోనివ్వకండి.

మనల్ని ముంచే ఈ హెచ్చుతగ్గులే నదిలో బతికేవాటినీ చంపుతున్నాయి. నీళ్లు పెరిగినప్పుడు ఒడ్డు పక్క లోతులేని చోటికి చేరిన చేపపిల్లలు, ఉన్నట్టుండి తగ్గగానే గులకరాళ్ల మధ్య చిక్కుకుంటాయి. గుడ్లు ఎండిపోతాయి. బంగారు మహసీర్ గుడ్లు పెట్టడానికి ఎగువకు ఈదే చేప. 260.5 మీటర్ల ఎత్తున్న టెహ్రీ డ్యామ్‌ను అది ఎలా దాటుతుంది? ఇసుక, ఒండ్రు జలాశయంలోనే ఆగిపోతాయి. అవి లేకుండా వచ్చే నీరు దిగువ తీరాలను కోసుకుపోతుంది. ఎగువ గంగలో కనీస ప్రవాహం ఎంతుండాలో 2018లో కేంద్రం నిర్ణయించింది: పైనుంచి వచ్చే సగటు ప్రవాహంలో నవంబరు నుంచి మార్చి దాకా 20 శాతం, అక్టోబరు, ఏప్రిల్, మే నెలల్లో 25, జూన్ నుంచి సెప్టెంబరు దాకా 30. నా లెక్కలో ఇది చాలా తక్కువ. పైగా ఒకే రోజులో నది ఇన్నిసార్లు లేచి పడిపోవడాన్ని ఈ శాతాలు ఆపలేవు.

రాఫ్టింగ్ కోసం నీళ్లు వదలమని అడిగే మనమూ ఇందులో ఉన్నాం. ఒడ్డు పక్క గులకరాళ్ల నీటిలో గుంపుగా తొక్కుతూ ఆడకండి, నదిలో సబ్బు, షాంపూ వాడకండి. నీళ్లు రాలేదనో ఎక్కువయ్యాయనో గైడ్ ట్రిప్ రద్దు చేస్తే బతిమాలొద్దు, గొడవ పడొద్దు. తిరుగు టికెట్ మర్నాటికే కాకుండా ఒక రోజు వెసులుబాటుతో తీసుకోండి. అప్పుడు రాఫ్టింగ్‌ను నిశ్చింతగా మర్నాటికి వాయిదా వేసుకోవచ్చు.