ఇజ్రాయెల్–పాలస్తీనా శాంతి ప్రతిపాదనను ఎలా చదవాలి?

కొత్త ప్రతిపాదన ఏది వెలువడినా ముందుగా దాని పటాన్ని తెరవండి. 1967 జూన్ యుద్ధానికి ముందున్న గ్రీన్ లైన్‌ను (1949 నాటి కాల్పుల విరమణ రేఖను) అది సరిహద్దుకు ప్రాతిపదికగా తీసుకుందో లేదో, భూమిని ఇచ్చిపుచ్చుకునేటప్పుడు విస్తీర్ణం సమానంగా ఉందో లేదో గమనించాలి. ఇజ్రాయెల్, పాలస్తీనా విమోచన సంస్థ కుదుర్చుకున్న 1995 నాటి రెండవ ఓస్లో ఒప్పందం, అదుపు ఎవరిదన్న దాన్ని బట్టి వెస్ట్ బ్యాంక్‌ను ఎ, బి, సి ప్రాంతాలుగా విడదీసింది. అందులో సుమారు 60 శాతమున్న సి ప్రాంతం ఇజ్రాయెల్ అదుపులోనే ఉండిపోవడంతో పాలస్తీనా పట్టణాలు దీవుల్లా మిగిలాయి. అందుచేత శాతాల లెక్కల కంటే, వెస్ట్ బ్యాంక్‌లోని రమల్లా నుంచి నాబ్లస్‌కు వెళ్లే మనిషిని దారిలో ఎవరు ఆపగలరో చూడటం మేలు.

తర్వాత భద్రత. ఇజ్రాయెలీలను రాకెట్ల నుంచి, 2023 అక్టోబరు 7న హమాస్ చేసినటువంటి దాడుల నుంచి, పాలస్తీనీయులను సైనిక దాడుల నుంచి, సెటిలర్ల (ఆక్రమిత భూమిలో స్థిరపడిన ఇజ్రాయెలీల) హింస నుంచి కాపాడే బాధ్యత ఎవరిదో స్పష్టంగా రాసి ఉండాలి.

జెరూసలేం, శరణార్థుల అంశాలను తుది దశ చర్చలకు వదిలేస్తే అనుమానించండి. 1993 నాటి మొదటి ఓస్లో ఒప్పందంలోనూ అలాగే వదిలేశారు. శరణార్థుల విషయంలో వారు ఇళ్లకు తిరిగి వెళ్లడం గురించి చెప్పే ఐక్యరాజ్య సమితి 194వ తీర్మానాన్ని, పరస్పర అంగీకారంతో న్యాయమైన పరిష్కారం కోరిన 2002 నాటి అరబ్ శాంతి ప్రతిపాదనను పక్కపక్కన పెట్టి చదవడం మంచిది.

చివరగా గడువులు, పర్యవేక్షకులు, ఉల్లంఘనకు చర్యలు చూడండి. ఓస్లో మధ్యంతర కాలం 1999 మే నెలతోనే ముగియాల్సింది.