రెండు వేలు చేతికి రావాలంటే

అరసవల్లిలో మా మేడ మీది రెండు గదులను యాత్రికులకు ఇస్తున్నాను. ఆదివారాలు, మాఘమాసం, ముఖ్యంగా రథసప్తమి మా గిరాకీ రోజులు. చలికాలంలో తేలినీలాపురం పక్షులను చూడడానికి వెళ్లేవారు కూడా ఒక రాత్రి ఆగుతుంటారు. ఎయిర్‌బీఎన్‌బీ లాంటి గదుల బుకింగు సైటు ద్వారా బుకింగు ఫోనులో వస్తుంది, సైటు తన రుసుము కోసుకోగా మిగిలిన డబ్బు బ్యాంకులో పడుతుంది. మొదట్లో పడినంతే నాదనుకుని ఊరుకున్నాను. ఒక సాయంత్రం పద్దు పుస్తకంలో నేను పెట్టిన అద్దె ఒక గడిలో, నాకు చేరింది పక్క గడిలో రాసి చూస్తే గుండె కలుక్కుమంది. గదులు ఇవ్వాలనుకునే మన జిల్లా వాళ్లందరూ మొదటి రోజే ఈ రెండు గడులు గీసుకోవాలని నా కోరిక.

ముందుగా సైటులోని మీ ఖాతాలో, సైటు తీసుకునే సేవా రుసుము ఏ పద్ధతిలో ఉందో చూడండి. ఒక పద్ధతిలో యజమాని నుంచి కొంచెం, అతిథి నుంచి ఎక్కువ తీసుకుంటారు. ఎయిర్‌బీఎన్‌బీలో ఏళ్ల తరబడి చాలామందికి ఉన్నది ఇదే. యజమాని వాటా 3 శాతం. రెండో పద్ధతిలో రుసుమంతా యజమాని మీదే పడుతుంది. అనేక సైట్ల బుకింగులను ఒకచోట నడిపే సాఫ్ట్‌వేర్ వాడేవారిని ఆ సంస్థ 2025 అక్టోబరు నుంచి ఈ పద్ధతికి మార్చింది. అక్కడ రుసుము 15.5 శాతం. దీని మీద 18 శాతం జీఎస్టీ ఉంటుందని మరిచిపోవద్దు. అది కలిపితే అసలు కోత 18.29 శాతం.

ఇక్కడే చాలామంది పొరబడతారు. నేనూ పొరబడ్డాను. చేతికి 2,000 రావాలని, దానికి 18.29 శాతం కలిపి 2,366 పెట్టాను. వచ్చింది 1,933. ఎందుకంటే కోత పడేది నేను కోరుకున్న 2,000 మీద కాదు, పెట్టిన 2,366 మీద. కలపకూడదు, భాగించాలి. వందలోంచి 18.29 తీసేస్తే 81.71. కావలసిన సొమ్మును 0.8171తో భాగించండి. 2,000కు 2,448 వస్తుంది. మీ శాతం వేరైతే వందలోంచి దాన్నే తీసేయండి.

శుభ్రత రుసుము మీద కూడా ఇదే కోత పడుతుంది. నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇదే. గదులు ఊడ్చి దుప్పట్లు ఉతికే ఆమెకు ప్రతి బుకింగుకు 300 ఇస్తానని మాట ఇచ్చాను, అదే 300 సైట్లో పెట్టాను. నాకు చేరింది 245. మిగతా 55 నా అద్దెలోంచి వేసి ఆమెకు ఇచ్చాను. ఆమె కూలిలో రూపాయి తగ్గించడానికి నా మనసు ఒప్పలేదు. ఇప్పుడు సైట్లో శుభ్రత రుసుము దగ్గర 370 పెట్టాను.

వారానికి పైగా ఉండేవారికి రాయితీ ఇస్తే కోత రాయితీ పోగా మిగిలిన ధర మీద పడుతుంది. 2,448లో పది శాతం తగ్గిస్తే చేతికి వచ్చేది దాదాపు 1,800. ఆ 1,800 మీకు గిట్టుతుందో లేదో చూసుకున్నాకే రాయితీ పెట్టండి.

పన్నుల సంగతి క్లుప్తంగా చెబుతాను. రోజు అద్దె 7,500 లోపు ఉంటే గది మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం. మనకు జీఎస్టీ నమోదు లేకపోతే సైటే దాన్ని అతిథి దగ్గర వసూలు చేసి కడుతుంది. టీడీఎస్, అంటే మన డబ్బులోంచి సైటు ముందే పట్టుకుని కట్టే ఆదాయపు పన్ను, 2024 అక్టోబరు 1 నుంచి 0.1 శాతానికి తగ్గింది. పాన్ గాని ఆధార్ గాని ఇచ్చిన వ్యక్తికి సైటు ద్వారా ఏడాదిలో వచ్చే అద్దె 5 లక్షలు దాటకపోతే అదీ లేదు. రెండూ ఇవ్వకపోతే 5 శాతం పట్టుకుంటారు, కాబట్టి ఖాతా తెరిచిన రోజే పాన్ నమోదు చేయండి. సైటు ఇచ్చే రుసుము బిల్లులను నెలనెలా దాచుకోండి, రిటర్ను వేసే ఆడిటరు వాటినే అడుగుతారు.

సైటులో గది చూసి, "కమిషన్ మిగులుతుంది కదా అమ్మా, ఫోనులో నేరుగా పంపేస్తాం" అని అడిగేవారు ఉంటారు. నేను ఒప్పుకోను. అది సైటు నిబంధనలకు విరుద్ధం, రేపు ఏదైనా తగువు వస్తే ఇద్దరికీ అండ ఉండదు. ఊళ్లో తెలిసినవారి మాట మీద నేరుగా వచ్చే కుటుంబాలకు మాత్రం రోజుకు 2,000 చెబుతాను. అక్కడ కోత లేదు కాబట్టి 2,448 అడగడానికి నాకు నోరు రాదు.