లక్షద్వీప్‌లో డైవింగ్, పడవ షికారు: ఎంట్రీ పర్మిట్ దరఖాస్తు విధానం

లక్షద్వీప్ మన దేశంలోదే అయినా, టికెట్ కొనుక్కుని నేరుగా వెళ్ళిపోయే చోటు కాదు. భారత పౌరులైనా సరే, బయటి నుంచి వెళ్ళేవాళ్ళు ముందే ఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి. 1967 నాటి ప్రవేశ, నివాస పరిమితుల నిబంధనల నుంచి ఈ పద్ధతి వస్తోంది. దీన్ని విసుక్కునేవాళ్ళు చాలామందే కనిపిస్తారు. నాకు మాత్రం ఇది న్యాయంగానే అనిపిస్తుంది. 36 దీవులూ కలిపితే నేల 32 చదరపు కిలోమీటర్లే. జనం ఉండేది పది దీవుల్లో. 2011 జనాభా లెక్కల్లో 64,473 మంది ఉన్నారు, వాళ్ళలో దాదాపు 95 శాతం షెడ్యూల్డ్ తెగలవాళ్ళు. ఇసుక కింద నిలిచే పలచటి మంచినీటి పొర మీద ఆధారపడిన ఊళ్ళవి. అక్కడికి ఎవరు వస్తున్నారో, ఎంతమంది వస్తున్నారో ముందే లెక్క ఉండాలి కదా.

పనులు వరుసలో చేసుకుంటే టెన్షన్ ఉండదు. తేదీ, దీవి, బస, పోలీసు సర్టిఫికెట్, పర్మిట్, ఆ తర్వాతే ఓడ లేదా విమానం. చాలామంది చౌకగా దొరికిందని విమానం టికెట్ ముందు కొనేసి, ఆ తర్వాత పర్మిట్ కోసం పరుగులు పెడతారు. ఆ పని చేయకండి.

తేదీ, దీవి

డైవింగ్‌కి అక్టోబరు నడిమి నుంచి మే నడిమి దాకా సీజన్. జూన్ నుంచి సెప్టెంబరు వరకు రుతుపవనాల్లో సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. మన పిల్లల వేసవి సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలవుతాయి కాబట్టి చేతిలో మూడు వారాలకు మించి ఉండవు. వీలైతే సంక్రాంతి సెలవులు చూసుకోండి.

దీవిని జాగ్రత్తగా ఎంచుకోండి. పర్మిట్‌లో రాసిన దీవుల్లోనే మీరు దిగగలరు. విమానాశ్రయం ఉన్నది అగత్తిలో ఒక్కచోటే. అక్కడి నుంచి పడవలో బంగారం, తిన్నకర దీవులకు వెళ్తారు. (బంగారం అనే పేరు విన్న ప్రతి తెలుగువాడికీ ఒక్క క్షణం నవ్వు వస్తుంది. అక్కడి లగూన్, అంటే పగడపు దిబ్బ లోపల ఉండే ప్రశాంతమైన నీటి మడుగు, చూశాక పేరు సరిగ్గా సరిపోయిందనిపిస్తుంది.) ఉండేది బంగారంలోనే అయినా దరఖాస్తులో అగత్తి, బంగారం, తిన్నకర మూడూ చేర్చండి. డైవింగే ముఖ్యం అనుకునేవాళ్ళకు నా సలహా కద్మత్. పొడవాటి సన్నటి దీవి, పక్కనే విశాలమైన లగూన్. డైవింగ్‌తో పాటు కయాక్, తెరచాప పడవ నేర్చుకోవడానికి కూడా నీళ్ళు ప్రశాంతంగా ఉంటాయి.

బస ఖాయం చేసుకోకుండా దరఖాస్తు మొదలుపెట్టకండి. లక్షద్వీప్ పర్యాటకాన్ని నడిపే ప్రభుత్వ సొసైటీ 'స్పోర్ట్స్'కి కొచ్చి విల్లింగ్‌డన్ ఐలాండ్‌లో ఆఫీసు ఉంది. వాళ్ళ ప్యాకేజీ తీసుకుంటే పర్మిట్ కాగితాలు వాళ్ళ ద్వారానే సాగుతాయి. 'సముద్రం' అనే ఐదు రోజుల ప్యాకేజీలో ఎం.వి. కవరత్తి ఓడ మీద కవరత్తి, కల్పేని, మినికాయ్ చూపిస్తారు. ఆ ఓడ మన విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డులో తయారైంది. పెద్దవాళ్ళతో వెళ్ళే కుటుంబాలకు అది మంచి ఏర్పాటే గానీ, పగలు దీవిలో, రాత్రి ఓడలో గడుస్తుంది కాబట్టి డైవింగ్‌కి దొరికే సమయం తక్కువ.

పోలీసు సర్టిఫికెట్

సొంతంగా వెళ్ళేవాళ్ళకు ఎక్కువ ఆలస్యం జరిగేది ఇక్కడే. మీరు ఉండే జిల్లా లేదా కమిషనరేట్ పోలీసుల నుంచి పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్, అంటే పీసీసీ తెచ్చుకోవాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండు పోలీసు శాఖలూ దీనికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు తీసుకుంటాయి. పాస్‌పోర్టు ఆఫీసు ఇచ్చే పీసీసీ వేరు. అది విదేశాలకు వెళ్ళేవాళ్ళ కోసం. పేరు ఒకటే కావడంతో చాలామంది పొరపాటున అక్కడ డబ్బు కట్టేస్తారు. ఎందుకు అని అడిగిన చోట 'లక్షద్వీప్ పర్యటన' అని రాయండి. కుటుంబంలో పెద్దవాళ్ళకు ఒక్కొక్కరికీ విడిగా కావాలి. విచారణకు వచ్చేది స్థానిక స్టేషన్ వాళ్ళు కాబట్టి ఇప్పుడు మీరు ఉంటున్న అడ్రసే ఇవ్వండి. హైదరాబాద్‌లో అద్దెకు ఉంటూ ఆధార్‌లో ఊరి అడ్రసు ఉన్నవాళ్ళకు ఈ ఒక్క తేడాతోనే రోజులు గడిచిపోతాయి. పీసీసీకి మూడు వారాలు, పర్మిట్‌కి మరో రెండు వారాలు చేతిలో ఉంచుకోండి.

దరఖాస్తు

లక్షద్వీప్ పరిపాలన వారి ఈ-పర్మిట్ పోర్టల్‌లో ఫోన్ నంబరు, ఈమెయిలుతో ఖాతా తెరవాలి. ప్రయాణికుల వివరాలు, వెళ్ళే దీవులు, తేదీలు, బస వివరాలు నింపి, ఫొటో, గుర్తింపు కార్డు, పీసీసీ అప్‌లోడ్ చేయాలి. దరఖాస్తు రుసుము మనిషికి 50 రూపాయలు. దీనికి తోడు హెరిటేజ్ ఫీజు 12 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకు 100, ఆ పైన వయసు వాళ్ళకు 200 రూపాయలు.

మన తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇంటిపేరు. మా ఇంట్లోనే ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాన్‌లో పూర్తిగా, టికెట్‌లో పేరు తర్వాత ఉంది. పీసీసీలో పూర్తి ఇంటిపేరు వచ్చింది, దరఖాస్తులో నేను పొడి అక్షరం రాశాను. మళ్ళీ దిద్ది పంపేసరికి అనుకున్న ఓడ వెళ్ళిపోయింది. అందుకే ఒక కార్డు ఎంచుకుని, పీసీసీ, పర్మిట్, టికెట్ మూడింట్లోనూ ఆ కార్డులో ఉన్నట్టే అక్షరం అక్షరం రాయండి.

అమెరికా పౌరసత్వం ఉన్న అన్నయ్యో, వదినో మీతో వస్తుంటే ఈ పద్ధతి వాళ్ళకు వర్తించదు. విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతి వాళ్ళకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా రక్షిత, నియంత్రిత ప్రాంతాలకు విడిగా అనుమతి తీసుకోవాలి. ముందు వాళ్ళ అనుమతి తేల్చుకున్నాకే మిగతావాళ్ళ తేదీలు పెట్టుకోండి.

ప్రయాణం

పర్మిట్ చేతికి వచ్చాక కొచ్చి నుంచి ఓడ లేదా అగత్తికి విమానం. సికింద్రాబాద్ నుంచి శబరి ఎక్స్‌ప్రెస్ కొచ్చిలోని ఎర్నాకుళం మీదుగానే వెళ్తుంది. ఓడలో దీవిని బట్టి 14 నుంచి 18 గంటలు పడుతుంది. చాలా దీవుల దగ్గర ఓడ పగడపు దిబ్బ బయటే ఆగుతుంది, అక్కడి నుంచి ఊగుతున్న చిన్న పడవలోకి దిగాలి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలను తీసుకెళ్ళేటప్పుడు ఇది ముందే ఆలోచించుకోండి.

డైవింగ్ కాగితాలు

డైవింగ్‌కి ప్రభుత్వ పర్మిట్ వేరే ఏమీ లేదు గానీ, డైవింగ్ సెంటర్ వాళ్ళు ఆరోగ్య ప్రశ్నపత్రం ఇస్తారు. ఆస్తమా, గుండె జబ్బు, షుగర్, చెవి ఆపరేషన్ వంటివాటికి 'అవును' అని రాస్తే డాక్టరు సంతకం కావాలి. దీవిలో డాక్టరు కోసం వెతుక్కునే బదులు ఇంటి దగ్గరే సంతకం చేయించుకోండి. ఉన్నది దాచి నీళ్ళలోకి దిగకండి, ప్రాణం మీదికి వస్తుంది. పిల్లలకు కనీసం పదేళ్ళు ఉండాలి. శిక్షకుడితో చేసే మొదటి డైవ్‌కి ఈత రాకపోయినా ఫరవాలేదు, లోతు 12 మీటర్లు మించదు. డైవింగ్‌లో తొలి సర్టిఫికెట్ ఇచ్చే ఓపెన్ వాటర్ కోర్సు చేయాలంటే మాత్రం 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు తేలాలి. తిరుగు ప్రయాణం విమానంలో అయితే చివరి డైవ్‌కీ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఖాళీ ఉంచండి. అంటే ఆఖరి రోజు లగూన్‌లో పడవ షికారుకే.

దీవిలో దిగగానే పర్మిట్ కాపీ అక్కడి పోలీసు స్టేషన్‌లో ఇవ్వాలి. రెండు ప్రింట్లు దగ్గర ఉంచుకోండి. బంగారం తప్ప మిగతా దీవుల్లో మద్యం నిషేధం. ఒడ్డున చచ్చిపడి ఉన్న పగడపు ముక్కను కూడా సంచిలో వేసుకోవద్దు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద అది జైలు శిక్ష పడే నేరం. 1998, 2010, 2016లో సముద్రం వేడెక్కి ఆ పగడాలు తెల్లబడిపోయాయి. అలా చచ్చిన పగడపు దిబ్బల మీదే కొత్త పగడం మళ్ళీ అంటుకుని పెరుగుతుంది. పిల్లలకు ఈ సంగతి ఓడ ఎక్కకముందే చెప్పండి.