వాయించడం వచ్చు, నొటేషన్ చదవడం రాదు: కాంగా, జెంబే వాద్యకారులకు సమస్య - పరిష్కారం

కాంగా, జెంబే అనే చేతి డ్రమ్ముల మీద చెవితో ఏ నడకనైనా (లయనైనా) ఇట్టే పట్టేసేవాళ్లకే నొటేషన్ కాగితం ముందు చేతులు ఆగిపోతుంటాయి. లోపం సాధారణంగా లెక్కలో ఉంటుంది. అందుకే కింద చెప్పిన వాటిలో చాలావాటికి డ్రమ్ము అక్కర్లేదు. నోరు, పాదం, పెన్సిలు ఉంటే సరిపోతుంది.

ఐదు గీతలు చూడగానే "ఇది ఏ స్వరం?" అన్న ప్రశ్న వస్తోంది

పియానో, గిటారు పాఠాలతో చదవడం మొదలుపెట్టినవారికి వచ్చే చిక్కు ఇది. వరుస మొదట్లో స్వరస్థాయిని చెప్పే మెలికల క్లెఫ్‌కు బదులు రెండు మందపాటి నిలువు గీతలు ఉంటే, అక్కడ స్వరస్థాయి ప్రసక్తి లేదు. గుర్తు ఏ గీత మీద ఉందన్నదాన్ని బట్టి ఏ డ్రమ్మో, ఏ దెబ్బో తెలుస్తుంది. ఓపెన్ టోన్‌కు (మోగే దెబ్బకు) మామూలు నోటు, స్లాప్‌కు (చురుగ్గా చరిచే దెబ్బకు) ఇంటూ గుర్తు తరచుగా కనిపిస్తాయి. కానీ అందరూ పాటించే కట్టుబాటేమీ లేదు. ఒక పుస్తకంలో బాస్ (లోతుగా మోగే దెబ్బ) ఉన్న చోట మరో పుస్తకంలో ఇంకేదో ఉంటుంది. గుర్తుల పట్టిక చూడకుండా ఒక్క బార్ (రెండు నిలువు గీతల మధ్య భాగం) కూడా వాయించవద్దు. పట్టిక లేకపోతే విని, మీరే పెన్సిలుతో రాసుకోండి.

ఒకేలా వినిపించేవి రెండు రకాలుగా రాసి ఉన్నాయి

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. కాంగా మీద ఒక క్వార్టర్ నోటు (ఒక బీట్) వాయించండి. తర్వాత ఒక ఎయిత్ నోటు (అందులో సగం) వాయించి, ఎయిత్ రెస్టు (అంతే విరామం) ఇవ్వండి. చెవికి తేడా ఉండదు. వయొలిన్ అయితే మొదటిదాన్ని రెండింతలు సాగదీస్తుంది. తోలు మీద పడిన దెబ్బ మీరు కోరినా సాగదు. కాబట్టి "నోటు ఎంతసేపు మోగాలి" అన్న పాఠ్యపుస్తకపు నిర్వచనాన్ని పక్కన పెట్టి, "తర్వాతి దెబ్బ ఎంత దూరంలో ఉంది" అని చదవండి. రెస్టు దగ్గర చేయి ఆగుతుంది, లెక్క ఆగకూడదు.

ఆ లెక్క నిలవాలంటే 4/4లో (బార్‌కు నాలుగు క్వార్టర్ నోట్లు) క్వార్టర్ నోటుకు ఒక అడుగు వేస్తూ, ప్రతి అడుగులో "తకధిమి" పలకండి. ఒక్కో అక్షరం బీట్‌లో నాలుగో వంతు, అంటే ఒక్కో సిక్స్‌టీన్త్. రెండు ఎయిత్ నోట్లుంటే చేయి "త", "ధి" మీద పడుతుంది. డాటెడ్ ఎయిత్ (పక్కన చుక్క వల్ల ఒకటిన్నర రెట్లయిన ఎయిత్), సిక్స్‌టీన్త్ జంట అయితే "త", "మి" మీద. నోరు మాత్రం నాలుగక్షరాలూ పలకాల్సిందే. ట్రిప్లెట్ (ఒక బీట్‌లో మూడు సమానమైన నోట్లు) వస్తే అదే అడుగులో "తకిట". డాటెడ్ జంటను ట్రిప్లెట్‌లా మెత్తబరచడం చాలామందికి అలవాటు. "మి" వినిపించేదాకా చేతిని ఆపితే అది పోతుంది.

టై ఉన్నచోట అదనపు దెబ్బ పడుతోంది

టై (రెండు నోట్లను కలిపే వంపు గీత) కలిపిన రెండు నోట్లలో రెండోదాన్ని కొట్టకూడదు. కంటికి నోటు కనిపించేసరికి చేయి పడిపోతుంది. ముందు టై లేదనుకుని రెండూ వాయించండి. బార్ నిలకడగా వచ్చాక రెండోదాన్ని నోటితో మాత్రమే పలకండి. ఖాళీగా ఉన్న ఆ బీట్ మీద పాదం పడుతూనే ఉండాలి.

రెండుసార్లు వాయించాక కాగితం అవసరమే లేకుండా వస్తోంది

సంతోషించకండి. మీరు చదవడం మానేశారు.

కాంగా మీద వాయించే తుంబావో అనే నడకను చూడండి. మామూలు రూపంలో ఒక బార్‌కు ఎనిమిది ఎయిత్ నోట్లు: ఎడమ అరచేతి కింది భాగం, ఎడమ వేళ్లు, కుడిచేతి స్లాప్, ఎడమ వేళ్లు, మళ్లీ అరచేతి కింది భాగం, వేళ్లు, చివర కుడిచేత్తో రెండు ఓపెన్ టోన్లు. చేతులకు ఇది ముందే వచ్చు కాబట్టి చూపు పేజీ మీద తేలిపోతుంది. అదే కాగితాన్ని మూడో బీట్ నుంచి మొదలుపెట్టండి. తడబడితే ఇన్నాళ్లూ జ్ఞాపకం నుంచే వాయించారన్నమాట.

దీనికి మందు పరిచయం లేని లయలే. బార్లను చివరి నుంచి మొదటికి చదవడమూ పనిచేస్తుంది. అన్నిటికన్నా నాకు నచ్చింది మాత్రం రాయడం. 1962లో ఫిలిప్ హార్లాండ్ రూపొందించిన గడుల పద్ధతిలో ప్రతి గడీ సమానమైన కాలం. దెబ్బ ఉన్న గడిలో గుర్తు పెడతారు, లేని గడిని ఖాళీగా వదిలేస్తారు. తెలిసిన నడకను 16 గడుల్లో వేసి, తర్వాత దాన్ని ఐదు గీతల మీదికి మార్చండి. గడులు సులువు కదా అని అక్కడే స్థిరపడితే ఐదు గీతల స్టాఫ్ నొటేషన్ ఎప్పటికీ రాదు.

12/8 తడబడుతోంది

పన్నెండూ లెక్కపెడుతున్నారు కాబట్టి. డాటెడ్ క్వార్టర్‌కు ఒక అడుగు చొప్పున నాలుగే అడుగులు, ప్రతి అడుగుకూ "తకిట". 6/8, 3/4 రెండింటిలోనూ ఆరు ఎయిత్ నోట్లే పడతాయి గనుక బీమ్‌లను (నోట్లను కలిపి కట్టే అడ్డగీతలను) చూడండి. మూడేసి కట్టి ఉంటే రెండు అడుగులు, రెండేసి కట్టి ఉంటే మూడు.

చిల్లర చిక్కులు

చూపు మాటిమాటికీ చేతుల మీదికి జారుతుంటే స్టాండును కంటి ఎత్తుకు జరపండి. బార్‌లో శాతం గుర్తు లాంటిది ఒక్కటే ఉంటే అంతకుముందు బార్‌ను మళ్లీ వాయించాలి. ఏ చెయ్యో రాసి లేకపోతే నిర్ణయించుకుని రాసి పెట్టుకోండి, రోజుకొకలా మార్చవద్దు. తప్పు వచ్చిన ప్రతిసారీ ఆగిపోతుంటే మెట్రోనోమ్‌ను (బీట్ కొట్టి చూపే యంత్రాన్ని) నిమిషానికి 60 బీట్లకు దించి, ఏమైనా సరే తర్వాతి బార్ మొదటి బీట్‌ను అందుకోండి.

అన్నీ సరిగ్గానే చదివాను, అయినా రికార్డింగులా వినిపించడం లేదు

జెంబే సంగీతంలో ఇది మామూలే. అక్కడ ఒక బీట్‌లోని భాగాలు తరచుగా సమానంగా ఉండవు, కాగితం మాత్రం సమానమైనట్టే రాస్తుంది. రికార్డింగు పెట్టి, వేలితో నోట్లను అనుసరిస్తూ ఏ దెబ్బ కాస్త ముందుకో వెనక్కో జరుగుతోందో వినండి. జరిగిన నోటు మీద చిన్న బాణం గీసుకోండి.